కంపెనీ టూల్ ఇన్‌స్టాల్ చేస్తే 404 వచ్చిందా? ప్రైవేట్ రిజిస్ట్రీ గురించి మొదటి నుంచి చెప్పుకుందాం

ఈ ఎపిసోడ్ ఎప్పటినుంచో చేద్దామనుకుంటున్నా. ఎందుకంటే ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో మన గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఊళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంజనీరింగ్ అయిపోయింది, మొదటి ఉద్యోగం వచ్చింది. కంపెనీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటుంది, వీళ్ళు మాత్రం ఇంట్లో కూర్చుని పని మొదలుపెడతారు. మొదటి రోజు ఒక మెయిల్ వస్తుంది. అందులో ఒక లైను: మా కమాండ్ లైన్ టూల్ ఇన్‌స్టాల్ చేసుకోండి. దాని కింద ఒక కమాండ్. కాపీ చేశారు, పేస్ట్ చేశారు, ఎంటర్ కొట్టారు. ఎర్రర్. 404. నాట్ ఫౌండ్.

ఇక అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. మొదటి రోజే మేనేజర్‌ని అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. నెట్‌లో వెతుకుతారు, ఎవరో ఎక్కడో రాసిన పది కమాండ్లు ఒకదాని తరవాత ఒకటి కొడతారు. అందులో తొమ్మిది ఏ పనీ చేయవు. పదోది మాత్రం మీ లాప్‌టాప్‌నే కాదు, మీ కంపెనీ కోడ్‌ని కూడా ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టగలదు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగా జరిగిన సంగతులు కాసేపట్లో పేర్లతో, తేదీలతో చెప్తాను.

కమాండ్లు వీడియోలో తెర మీద చూపించాను. ఇక్కడ చదివేవాళ్ళ కోసం నోటితో పలికినట్టే రాయిస్తున్నాను, ఒక్కో గుర్తూ చెప్తాను, కంగారు పడకండి.

ముందు నాలుగు మాటలు తేల్చుకుందాం. కమాండ్ లైన్ టూల్ అంటే బటన్లూ మెనూలూ లేని ప్రోగ్రాం. నల్ల తెర మీద దాని పేరు టైప్ చేస్తే పని చేస్తుంది, అంతే. ప్యాకేజీ అంటే ఆ ప్రోగ్రాం ఫైళ్ళన్నీ కట్టిన మూట. మూట మీద ఒక పేరు, ఒక వెర్షన్ నంబరు ఉంటాయి. రిజిస్ట్రీ అంటే ఆ మూటలు దొరికే గోడౌను. మీ ఫోన్‌కి ప్లే స్టోర్ ఎలాగో, జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళకి ఎన్‌పీఎం అలాంటిది. 2010లో ఐజాక్ ష్లూటర్ అనే ఆయన మొదలుపెట్టాడు, 2020లో గిట్‌హబ్ దాన్ని కొనేసింది. పైథాన్ వాళ్ళకి పైపీఐ ఉంది. ఇవి పబ్లిక్ గోడౌన్లు. అకౌంట్ ఉంటే చాలు, ఎవరైనా అక్కడ మూట పెట్టొచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రైవేట్ రిజిస్ట్రీ అంటే కంపెనీ సొంత గోడౌను. గేటు దగ్గర గుర్తింపు చూపిస్తేనే లోపలికి రానిస్తారు. ఆ గుర్తింపు పేరే టోకెన్.

మన ప్రాంతం వాళ్ళకి ఇది చెప్పడం సులువు, ఎందుకంటే మనం విత్తనాల మధ్య పెరిగాం. మిర్చి విత్తనం కొనాలంటే ఏం చూస్తారు? ప్యాకెట్ మీద పేరు ఒక్కటే చూస్తారా? లాం ఫారం వాళ్ళు తయారుచేసిన ఎల్‌సీఏ 334 అని ప్యాకెట్ మీద ఎవడైనా అచ్చు వేయించుకోవచ్చు. ఆ ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చింది, సీలు ఉందా, లాట్ నంబరు ఉందా, కొట్టువాడు బిల్లు ఇచ్చాడా, ఇవే కదా పెద్దవాళ్ళు చూసేది. పత్తి విత్తనమైనా అంతే. నకిలీ విత్తనంతో వచ్చే చిక్కు ఏంటంటే నాటిన రోజు తెలియదు. మొలక వస్తుంది, చెట్టు ఎదుగుతుంది, అప్పు చేసి తెచ్చిన ఎరువూ మందూ అన్నీ పోస్తాం, కాపు దగ్గరికి వచ్చాక గానీ మోసపోయామని తెలియదు. నకిలీ ప్యాకేజీ కూడా అలాగే, ఇన్‌స్టాల్ అయిన రోజు అన్నీ బాగానే పనిచేస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఎన్‌పీఎం అనే ప్రోగ్రాంని విత్తనాల కొట్టుకి పంపిన కుర్రాడు అనుకోండి. మంచివాడే, చెప్పిన పని చేస్తాడు. కానీ సొంతంగా ఆలోచించడు. మీరు పేరు మాత్రమే చెప్పి ఏ కొట్టుకి వెళ్ళాలో చెప్పకపోతే, వాడికి అలవాటైన కొట్టుకి వెళ్తాడు. ఆ అలవాటైన కొట్టు రిజిస్ట్రీ డాట్ ఎన్‌పీఎంజేఎస్ డాట్ ఆర్గ్, అంటే పబ్లిక్ గోడౌను. అక్కడ మీ కంపెనీ టూల్ ఎందుకుంటుంది? ఉండదు. అందుకే 404. మీ టూల్ లేదని కాదు దానర్థం, కుర్రాడు తప్పు కొట్టుకి వెళ్ళాడని.

అసలు కమాండ్ చూద్దాం. కంపెనీ పేరు మిర్చి, టూల్ పేరు కల్లం అనుకుందాం, ఊరికే ఉదాహరణకి. ఎన్‌పీఎం, ఇన్‌స్టాల్, హైఫన్ జీ, ఆ తరవాత అట్ గుర్తు, మిర్చి, స్లాష్, కల్లం. ఇందులో హైఫన్ జీ అంటే గ్లోబల్, ఏ ఫోల్డర్‌లో ఉన్నా ఈ టూల్ పనిచేయాలి అని. అట్ మిర్చి అన్న భాగాన్ని స్కోప్ అంటారు, ఇంటిపేరు లాంటిది. ఈ ఇంటిపేరు చాలా పనికొస్తుంది. ఎందుకంటే ఫలానా ఇంటిపేరు ఉన్నవన్నీ ఫలానా కొట్టులోనే తీసుకురా అని కుర్రాడికి ముందే చెప్పి పెట్టొచ్చు.

చెప్పేది ఎక్కడ? మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎన్‌పీఎంఆర్‌సీ అనే ఒక చిన్న ఫైలు ఉంటుంది. లేకపోతే మీరే చేసుకోవచ్చు. అందులో ఒక లైను రాయాలి: అట్ మిర్చి, కోలన్, రిజిస్ట్రీ, ఈక్వల్స్, ఆ తరవాత కంపెనీ ఇచ్చిన రిజిస్ట్రీ అడ్రస్, హెచ్‌టీటీపీఎస్‌తో సహా. కంపెనీ గిట్‌హబ్ ప్యాకేజెస్ వాడుతుంటే ఆ అడ్రస్ ఎన్‌పీఎం డాట్ పీకేజీ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్ అని ఉంటుంది. వేరేది వాడుతుంటే వేరే అడ్రస్, అది మెయిల్‌లో ఉండాలి, లేకపోతే అడగండి.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. అట్ మిర్చి కోలన్ అన్న ముందు భాగం వదిలేసి ఉత్తగా రిజిస్ట్రీ ఈక్వల్స్ అని రాసేస్తారు. అప్పుడేమవుతుంది? కుర్రాడు అన్ని సరుకులకీ కంపెనీ గోడౌనుకే వెళ్తాడు. కంపెనీ టూల్ వచ్చేస్తుంది గానీ రేపు ఎక్స్‌ప్రెస్‌నో రియాక్ట్‌నో ఇన్‌స్టాల్ చేయబోతే మళ్ళీ ఎర్రర్. కొన్ని కంపెనీలు కావాలనే అన్నీ తమ గోడౌను గుండానే రావాలని పెడతాయి, అది వేరే సంగతి, అలాంటి చోట వాళ్ళే చెప్తారు. వాళ్ళు చెప్పనిదే మీరు పెట్టకండి.

రెండో లైను టోకెన్‌ది. రెండు స్లాష్‌లతో మొదలవుతుంది, తరవాత రిజిస్ట్రీ అడ్రస్, స్లాష్, కోలన్, అండర్‌స్కోర్, ఆథ్‌టోకెన్, ఈక్వల్స్, టోకెన్. మొదటి లైనులో హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, ఈ రెండో లైనులో ఉండకూడదు. ఎందుకిలా అని నన్నడక్కండి, పెట్టినవాళ్ళకే తెలియాలి. కానీ సగం మందికి ఎర్రర్ వచ్చేది ఇక్కడే.

సరే, ఇప్పుడు ఏ లైను సరిగ్గా పడిందో ఎలా తెలుసుకోవాలి? ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒక్కసారి ఎన్‌పీఎం, కాన్ఫిగ్, గెట్, అట్ మిర్చి కోలన్ రిజిస్ట్రీ అని కొట్టండి. అడ్రస్ కనపడితే సరే. అన్‌డిఫైన్డ్ అని వస్తే మీ లైను ఎన్‌పీఎంకి కనపడలేదు, ఫైలు తప్పు చోట ఉంది. విండోస్ వాళ్ళకి ఇంకో తిరకాసు: నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, మీకేమో కనపడదు. ఇంకోటి, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కూడా అదే పేరుతో ఫైలు ఉంటే, ఆ ఫోల్డర్‌లో ఉన్నప్పుడు దాని మాటే చెల్లుతుంది, హోమ్ ఫోల్డర్‌లోది కాదు.

ఇక నంబర్లు. 401 వస్తే టోకెన్ లేదు, లేకపోతే గడువు తీరింది. 403 వస్తే మీరెవరో తెలిసింది గానీ మీకు అనుమతి లేదు. 404 మాత్రం రెండు రకాలు, దీని దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఒకటి ఇందాక చెప్పుకున్నది, తప్పు కొట్టు. రెండోది సరైన కొట్టుకే వెళ్ళినా, మీకు అనుమతి లేనప్పుడు కూడా కొన్ని రిజిస్ట్రీలు లేదనే చెప్తాయి. ఆ పేరుతో సరుకు ఉందన్న సంగతి కూడా బయటివాడికి తెలియకూడదని. కాబట్టి 404 వస్తే ఎర్రర్‌లో అడ్రస్ చదవండి. ఏ గోడౌనుకి వెళ్ళి లేదని వచ్చిందో అక్కడే రాసి ఉంటుంది. ఎన్‌పీఎంజేఎస్ అని ఉంటే స్కోప్ లైను లేదు. కంపెనీ అడ్రస్ ఉంటే మీ టోకెన్ సంగతి చూడమని అడ్మిన్‌కి మెసేజ్ పెట్టండి. అదే ఎర్రర్‌ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టండి, కానీ అందులో టోకెన్ కనపడుతోందేమో ఒకసారి చూసుకుని.

గిట్‌హబ్ ప్యాకేజెస్‌లో ఒక వింత ఉంది. పబ్లిక్‌గా పెట్టిన ఎన్‌పీఎం ప్యాకేజీ తెచ్చుకోవాలన్నా టోకెన్ కావాల్సిందే. టోకెన్ తయారుచేసేటప్పుడు క్లాసిక్ రకం తీసుకుని, రీడ్ ప్యాకేజెస్ అన్న ఒక్క గడిలోనే టిక్కు పెట్టండి. అక్కడ చాలా గడులుంటాయి, ఎందుకైనా మంచిదని అన్నిటిలోనూ టిక్కులు పెట్టేస్తారు. విత్తనం ప్యాకెట్ తీసుకోడానికి వెళ్ళేవాడికి బీరువా తాళాలు ఎందుకు?

టూల్ ఇన్‌స్టాల్ అయిపోయింది, పేరు కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది. అది పాత్ సమస్య, ఎన్‌పీఎం టూల్స్ పెట్టే ఫోల్డర్ మీ పాత్‌లో లేదు. లైనక్స్, మాక్‌లలో ఈఏసీసీఈఎస్ అని వస్తే ఆ ఫోల్డర్‌లో రాయడానికి మీకు హక్కు లేదు. వెంటనే ముందు సుడో తగిలించేస్తారు. వద్దు. ఎన్‌వీఎం ద్వారా నోడ్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. విండోస్ పవర్‌షెల్‌లో స్క్రిప్టులు నడపడం ఆపేశామని ఎర్రర్ వస్తే, మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో అదే కమాండ్ కొట్టి చూడండి, చాలాసార్లు అక్కడ పనిచేస్తుంది. ఇవి చిన్నవి, ఇంతకన్నా వీటి మీద టైం పెట్టను.

పెద్దది ఇప్పుడు చెప్తాను. సుడో ఎందుకు వద్దన్నానో కూడా ఇందులోనే ఉంది.

2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఒక వ్యాసం రాశాడు. అతనికీ అతని స్నేహితుడికీ పేపాల్ వాళ్ళ కోడ్ ముక్క ఒకటి గిట్‌హబ్‌లో కనపడింది. అందులో ప్యాకేజీల పట్టిక ఉంది. కొన్ని పేర్లు పబ్లిక్ ఎన్‌పీఎంలో ఉన్నవి, కొన్ని పేర్లు అక్కడ లేవు, అంటే అవి పేపాల్ లోపలి గోడౌనులోవి. అతనికి ఒక అనుమానం వచ్చింది. లోపలి పేరుతోనే నేను పబ్లిక్ గోడౌనులో ఒక మూట పెడితే ఏమవుతుంది? పెట్టి చూశాడు. హాని చేసే కోడ్ కాదు, ఇన్‌స్టాల్ అయిన చోటి నుంచి చిన్న కబురు మాత్రం పంపేది. కబుర్లు రావడం మొదలైంది. ఆపిల్, మైక్రోసాఫ్ట్, టెస్లా, నెట్‌ఫ్లిక్స్, ఉబర్, మొత్తం 35కి పైగా కంపెనీల లోపలి నుంచి. ఆ కంపెనీల బగ్ బౌంటీ నిబంధనల ప్రకారమే చేశాడు కాబట్టి 1,30,000 డాలర్లకి పైగా బహుమతులు కూడా వచ్చాయి. దీన్ని డిపెండెన్సీ కన్‌ఫ్యూజన్ అంటున్నారు.

ఎలా సాధ్యమైంది? పేరు ఒకటే, కొట్లు రెండు. ఏ కొట్టుదో చెప్పలేదు. పైథాన్‌లో పిప్‌కి ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్‌ఎల్ అనే ఆప్షన్ ఇస్తే అది రెండు కొట్లూ చూస్తుంది, రెండింటిలో ఏ ప్యాకెట్ మీద పెద్ద వెర్షన్ నంబరుంటే అది తెచ్చేస్తుంది. లోపల మీ కంపెనీది 1.2 ఉంటే, బయటివాడు 99 అని అచ్చేసి పెడితే చాలు. ఎన్‌పీఎం ఒక పేరుకి ఒకే కొట్టుకి వెళ్తుంది గానీ, ఆ కొట్టే లోపలి సరుకూ బయటి సరుకూ కలిపి అమ్మేదైతే అక్కడా ఇదే జరుగుతుంది.

ఆ మరుసటి ఏడాదే, 2022 డిసెంబర్ 25 నుంచి 30 మధ్య, ఏఐ వాళ్ళందరూ వాడే పైటార్చ్‌కి ఇది నిజంగా జరిగింది. వాళ్ళ సొంత ఇండెక్స్‌లో ఉండే టార్చ్‌ట్రైటన్ అన్న ప్యాకేజీ పేరుతోనే ఎవరో పైపీఐలో ఒకటి పెట్టారు. ఆ ఐదారు రోజుల్లో లైనక్స్ మీద నైట్లీ వెర్షన్‌ని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసినవాళ్ళ సిస్టంలోకి అది దిగింది, ఫైళ్ళు బయటికి పంపింది. వాళ్ళెవరూ తప్పు కమాండ్ కొట్టలేదు. కంపెనీవాళ్ళు ఇచ్చిన కమాండే కొట్టారు.

అందుకే నేను ఇంటిపేరు గురించి అంతసేపు మాట్లాడింది. ఎన్‌పీఎంలో ఒక స్కోప్ ఒకరి సొంతం, వాళ్ళు తప్ప ఇంకొకళ్ళు దాని కింద మూట పెట్టలేరు. ఉత్త కల్లం అన్న పేరైతే ఎవడైనా పెట్టొచ్చు. మీరు చేరిన కంపెనీలో టూల్‌కి ఇంటిపేరు లేకుండా ఉంటే, లేదా ఆ ఇంటిపేరుని పబ్లిక్ ఎన్‌పీఎంలో కూడా కంపెనీ తన పేరు మీద పెట్టుకోలేదంటే, అది మీ టీం లీడ్‌ని అడగాల్సిన ప్రశ్న. కొత్తవాడివి నీకెందుకు అనరు. ఇలాంటిది అడిగే కొత్తవాళ్ళు ఎక్కడా ఊరికే దొరకరు. ఎన్‌పీఎక్స్ కూడా ఇంతే, సిస్టంలో ఆ పేరుతో టూల్ లేకపోతే గోడౌను నుంచి తెచ్చి నడిపేస్తుంది. ముందు అడుగుతుంది, వై కొట్టాలా అని. మనం చదవకుండా వై కొట్టేస్తాం.

ఇన్‌స్టాల్ చేస్తే ఏమవుతుంది, టూల్‌ని నడిపితే కదా ప్రమాదం అంటారేమో. కాదు. ఎన్‌పీఎం ప్యాకేజీల్లో ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ అని స్క్రిప్టులుంటాయి. మూట విప్పుతున్నప్పుడే అవి నడిచిపోతాయి, మీకు ఏ హక్కులున్నాయో ఆ హక్కులతోనే. సుడో పెడితే మొత్తం సిస్టం హక్కులతో. తెలియని ప్యాకేజీ అయితే హైఫన్ హైఫన్ ఇగ్నోర్ హైఫన్ స్క్రిప్ట్స్ అని చివర తగిలించండి, అవి నడవవు.

2025 సెప్టెంబర్‌లో షాయ్ హులూద్ అని ఒక పురుగు బయటపడింది. మన పత్తిలో పురుగు ఎలా ఒక కాయలోంచి ఇంకో కాయలోకి పోతుందో అలాగే పాకింది. ఒక డెవలపర్ సిస్టంలోకి దిగగానే టోకెన్ల కోసం వెతికేది. ఎన్‌పీఎం టోకెన్ దొరికితే, ఆ డెవలపర్ పేరు మీద ఉన్న మిగతా ప్యాకేజీలన్నిటిలోకీ తనని తానే ఎక్కించుకుని కొత్త వెర్షన్లు పెట్టేసేది. అమెరికా సైబర్ సంస్థ సీసా లెక్క ప్రకారం 500కి పైగా ప్యాకేజీలకి అంటుకుంది. నవంబర్‌లో రెండోసారి వచ్చినప్పుడు ప్రీఇన్‌స్టాల్‌లోనే దూరింది, అంటే ఇన్‌స్టాల్ పూర్తయ్యేలోపే పని అయిపోయేది.

దానికి కావలసిన టోకెన్ ఎక్కడుంటుంది? మనం ఇందాక రాసుకున్న డాట్ ఎన్‌పీఎంఆర్‌సీ ఫైలులో. అందుకని టోకెన్‌ని ఆ ఫైలులో నేరుగా రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, ఫైలులో డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లలో దాని పేరు రాయండి. ఇది అన్ని పురుగుల్నీ ఆపుతుందని చెప్పను. కనీసం ఆ ఫైలు పొరపాటున గిట్‌లోకి వెళ్ళినా టోకెన్ వెళ్ళదు. టోకెన్‌కి గడువు పెట్టండి, 30 రోజులో 90 రోజులో. చదివే హక్కు మాత్రమే ఉన్న టోకెన్ పోయినా దొంగ కోడ్ చూడగలడు గానీ మీ పేరు మీద కొత్త మూట పెట్టలేడు. బయటపడిందని అనుమానం వస్తే ఫైలు డిలీట్ చేయడం కాదు, ముందు రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి టోకెన్‌ని రద్దు చేయండి.

ఇంకా ఉద్యోగం రానివాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. లింక్డ్‌ఇన్‌లో రిక్రూటర్ మెసేజ్ పెడతాడు. జీతం బాగుంటుంది, విదేశీ కంపెనీ, ఇంటి నుంచే పని. ఇంటర్వ్యూలో భాగంగా ఒక చిన్న ప్రాజెక్ట్ లింకు ఇచ్చి, డౌన్‌లోడ్ చేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి నడిపి చూపించమంటాడు. పాలో ఆల్టో కంపెనీ పరిశోధకులు 2023 నవంబర్‌లో దీన్ని బయటపెట్టి కంటేజియస్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టారు, ఉత్తర కొరియాతో సంబంధం ఉన్న ముఠాల పని అని చెప్పారు. ఆ ప్రాజెక్ట్ నడిస్తే బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు పోతాయి, క్రిప్టో ఉంటే అదీ పోతుంది.

మన ఇళ్ళలో లాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది కదా. దాంట్లోనే నాన్న బ్యాంకు లాగిన్, పంట రుణం కాగితాల స్కాన్లు, చెల్లి పరీక్ష ఫీజు కట్టిన కార్డు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో కొట్టిన ఒక కమాండ్‌కి ఇంటిల్లిపాదీ దొరికిపోతారు. ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కొద్దని అమ్మకీ నాన్నకీ మనమే చెప్తాం. అది కూడా ఇదే, తెలియనివాడి గోడౌను నుంచి వచ్చిన మూట. అలాంటి టెస్టు ఇస్తే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ లాంటి ఆన్‌లైన్ మెషీన్‌లో నడపండి, అందులో మీ సొంత పాస్‌వర్డులేవీ పెట్టకుండా. సొంత లాప్‌టాప్‌లోనే నడపాలని పట్టుబట్టాడంటే అక్కడే మీకు అర్థమైపోవాలి.

బిల్లు సంగతి మర్చిపోయాననుకున్నారా? విత్తనం కొన్నాక బిల్లూ ఖాళీ ప్యాకెట్టూ దాచుకోమని వ్యవసాయ శాఖవాళ్ళు చెప్తారు, రేపు తేడా వస్తే నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం. మనకి ఆ బిల్లు ప్యాకేజ్ లాక్ ఫైలు. ప్రతి మూటా ఏ అడ్రస్ నుంచి వచ్చిందో రిజాల్వ్‌డ్ అన్న చోట, దాని వేలిముద్ర ఇంటెగ్రిటీ అన్న చోట రాసి ఉంటుంది. ఎర్రర్ వచ్చిందని ఆ ఫైలు డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టమని నెట్‌లో చాలామంది సలహా ఇస్తారు. అది బిల్లు చింపేయడం. ప్రాజెక్టుల్లో ఎన్‌పీఎం సీఐ అన్న కమాండ్ వాడితే, బిల్లులో ఉన్నది ఉన్నట్టే తెస్తుంది, వేలిముద్ర కలవకపోతే ఆగిపోతుంది. హైఫన్ జీతో పెట్టే టూల్‌కి ఈ బిల్లు ఉండదు, కాబట్టి పేరు చివర అట్ గుర్తు పెట్టి కంపెనీ చెప్పిన వెర్షన్ నంబరు రాయండి.

మన ఊళ్ళకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది, నెట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని, మధ్యలో కరెంటు పోవడం. కంపెనీ రిజిస్ట్రీ వీపీఎన్ వెనకాల ఉంటే, హాట్‌స్పాట్ ఒక్క క్షణం తెగి కలిసినా వీపీఎన్ తెగిపోయి ఉంటుంది. అప్పుడు వచ్చేది 404 కాదు, ఈనాట్‌ఫౌండ్ అనో ఈటైమ్‌డ్‌ఔట్ అనో వస్తుంది. టోకెన్‌ని అనుమానించకుండా ముందు వీపీఎన్ చూసుకోండి. ఎన్‌పీఎం మామూలుగా రెండుసార్లే మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఫెచ్ హైఫన్ రిట్రైస్ అన్నదాన్ని 5 చేసుకుంటే కాస్త నయం. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే స్ట్రిక్ట్ ఎస్ఎస్ఎల్‌ని ఫాల్స్ చేయమని సలహా దొరుకుతుంది. చేయకండి, అది గేటు తీసేయడం. కంపెనీ సర్టిఫికెట్ ఫైలు అడిగి సీఏఫైల్ అన్న చోట దాని దారి ఇవ్వండి.

చివరగా, ఉద్యోగం లేకపోయినా ఇదంతా చేత్తో నేర్చుకోవచ్చు. వెర్డాసియో అని ఒక ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, పైసా ఖర్చు లేకుండా మీ సొంత ప్రైవేట్ రిజిస్ట్రీ మీ మెషీన్‌లోనే నడుస్తుంది. కాలేజీ ల్యాబ్‌లోనో ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనో నోడ్ ఉంటే చాలు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ హైఫన్ జీ వెర్డాసియో అని కొట్టి, వెర్డాసియో అని నడిపితే లోకల్‌హోస్ట్ కోలన్ 4873 దగ్గర మీ గోడౌను తెరుచుకుంటుంది. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు ఎఫ్-డ్రాయిడ్ నుంచి టర్మక్స్ పెట్టుకుని అందులో నోడ్ వేసుకుని కమాండ్లు అలవాటు చేసుకోవచ్చు. కంపెనీ టోకెన్ మాత్రం సొంత ఫోన్‌లో పెట్టకండి.

ఇప్పుడు చిన్న టూల్ చేయండి. ఒక ఫోల్డర్, అందులో ప్యాకేజ్ డాట్ జేసన్, దాంట్లో పేరు అట్ మిర్చి స్లాష్ కల్లం, బిన్ అన్న చోట కల్లం అన్న మాటకి మీ జావాస్క్రిప్ట్ ఫైలు పేరు. ఆ ఫైలు మొదటి లైనులో హ్యాష్, ఆశ్చర్యార్థకం, స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ ఎన్‌వ్, ఖాళీ, నోడ్. రెండో లైనులో టిక్కీల సంఖ్య ఇస్తే బరువు లెక్కకట్టేదో, ఏదో ఒకటి రాసుకోండి. ఎన్‌పీఎం యాడ్‌యూజర్‌తో మీ గోడౌనులో అకౌంట్ తెరిచి, పబ్లిష్ చేసి, ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళి ఇన్‌స్టాల్ చేయండి. రెండింటికీ రిజిస్ట్రీ అడ్రస్ ఇవ్వడం మర్చిపోకండి.

పనిచేశాక ఒక ప్రయోగం. వెర్డాసియో కాన్ఫిగ్ ఫైలు తెరవండి. స్కోప్ ఉన్న ప్యాకేజీలన్నిటికీ కలిపి ఒక నిబంధన ఉంటుంది, అందులో ప్రాక్సీ, ఎన్‌పీఎంజేఎస్ అని ఒక లైను కనపడుతుంది. అంటే మీ గోడౌనులో లేనిది బయటి గోడౌను నుంచి తెచ్చి ఇస్తుందన్నమాట. బిర్సాన్ దూరింది ఇలాంటి సందులోంచే. దానికి పైన అట్ మిర్చి స్లాష్ స్టార్ అని కొత్త నిబంధన రాసి, దానికి ప్రాక్సీ లైను పెట్టకండి. పైనే రాయాలి, ఎందుకంటే మొదట కలిసిన నిబంధనే పనిచేస్తుంది. సేవ్ చేసి వెర్డాసియోని ఆపి మళ్ళీ నడపండి. తరవాత మీరు పబ్లిష్ చేయని పేరు ఒకటి, అట్ మిర్చి స్లాష్ గోతం అని అడిగి చూడండి. వెర్డాసియో నడుస్తున్న తెర మీద అది బయటికి వెళ్ళకుండా అక్కడికక్కడే 404 ఇవ్వడం కనపడుతుంది. కనపడకపోతే ఆ కాన్ఫిగ్ ఫైలు స్క్రీన్‌షాట్ నాకు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో అక్కడి నుంచే మొదలుపెడదాం. ఉంటానండీ.